అమ్మ కోసం ఆగే బండి

ఈ ఉదయం బెజవాడ ప్యాసింజర్లో ఎవరి గంపలోంచో గడ్డిలో మగ్గిన రసాల వాసన వచ్చింది. నా చిన్నప్పుడు అమ్మ ఇదే బండిలో మామిడిపళ్లు తీసుకెళ్లి అమ్ముకొచ్చేది. మా చిన్న స్టేషన్లో బండి ఆగేది అమ్మ కోసమేనని నా నమ్మకం.

ఒకరోజు అమ్మకి జ్వరం వచ్చింది. పాపం, బండి ఊరికే ఎదురుచూస్తుందేమో, రావట్లేదని చెప్పొద్దామని స్టేషన్‌కి పరుగెత్తాను. బండి వచ్చి ఆగింది. గంప ఎక్కిస్తున్న పక్కింటి రత్తమ్మత్తని అడిగాను.

"అమ్మ రావట్లేదు కదత్తా, మరెందుకు ఆగింది?"

అత్త నవ్వలేదు. "నిన్ను చూసుకుందామని. పెద్దయ్యాక ఎక్కేదానివి నువ్వేగా."

ఇప్పుడు రోజూ ఈ బండిలోనే ఆఫీసుకి వెళ్తున్నాను. అది అందరి కోసమూ ఆగుతుందని ఎప్పుడో తెలిసింది. అయినా బ్రేకుల చప్పుడు వినగానే, నన్ను గుర్తుపట్టినట్టే ఉంటుంది.