ఇంటూ గుర్తు లేని వినాయకుడు

మీరెంత పెద్ద పొరపాటైనా చేసి ఉండవచ్చు. కానీ ముహూర్తం పెట్టించి, పురోహితుణ్ణి పిలిపించి, హారతి వెలుగులో పరువు పోగొట్టుకున్నవాళ్లు మీలో ఎవరూ ఉండరని నా నమ్మకం. ఆ ఘనత నాది. చదివి నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

గుడివాడలో వెబ్ డిజైన్ కోర్సు అప్పుడే పూర్తిచేశాను. ఎవరు పలకరించినా బ్యానరు, మెనూ, ఫుటరు అంటూ దంచేదాన్ని. ఆ దంచుడుకు తట్టుకోలేక, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల కొట్టున్న మా నాన్న స్నేహితుడు రత్నం బాబాయ్ గారు తన సైటు పని నాకిచ్చారు. అదే నా మొదటి పని. ఇది చెడితే రెండోది రాదని నాన్న ముందే దీవించి పంపారు.

సైటు తెరవగానే వినాయకుడి బొమ్మతో పాపప్ రావాలన్నారు బాబాయ్ గారు. అంటే, మిగతా పేజీకి అడ్డంగా వచ్చి నిలబడే పెట్టె. కింద కొట్టు ఫోన్ నంబరు. అలాగే పెట్టాను. పైన మూలగా, దాన్ని మూసే ఇంటూ గుర్తు చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

"కొత్త వ్యాపారానికి, అదీ దేవుడి నెత్తిన, ఇంటూ మార్కేంటమ్మాయ్? అపశకునం. తీసెయ్!"

"అలాగే బాబాయ్ గారూ" అని తీసేశాను. ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించలేదు. ఆలోచించడం మా కోర్సు సిలబస్‌లో లేదు మరి.

ముహూర్తం రోజున కొట్టునిండా బంధువులు. గోడమీది టీవీకి నా లాప్‌టాప్ తగిలించాం. బాబాయ్ గారి తల్లి, మామ్మగారు, మౌస్‌కి బొట్టుపెట్టి నొక్కారు. టీవీ నిండా వినాయకుడు ప్రత్యక్షమయ్యాడు. హారతిచ్చారు. అందరం దండం పెట్టుకున్నాం.

"ఇక గాజులు చూపించమ్మాయ్" అన్నారు బాబాయ్ గారు.

నొక్కాను. వినాయకుడు. పక్కన నొక్కాను. వినాయకుడు. సైటు మూసి మళ్లీ తెరిచాను. సాక్షాత్తూ వినాయకుడే.

"గాజులేవీ?"

"వెనకాలున్నాయండీ."

"వెనకాలుంటే జనం ఎలా కొంటారు? ఆయన్ని కాస్త పక్కకి జరుపు."

"శుభమా అని మొదలెడుతూ దేవుణ్ణి పక్కకి జరుపుతార్రా!" అని మామ్మగారు కొడుకు మీద కేకలేశారు.

అక్కడికక్కడే కోడ్ తెరిచి మార్చాను. ఆ కంగారులో వినాయకుడు పోయాడు గానీ, ఆయన వెనక పేజీని మసకబరిచే నల్లటి తెర అలాగే ఉండిపోయింది. టీవీ నిండా చీకటి.

"దీపం కొండెక్కినట్టుందేంటే!" మామ్మగారు గుండె పట్టుకున్నారు.

గబగబా దేవుణ్ణి మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాను. బాబాయ్ గారు చూసిన చూపుకి, నిలబడ్డచోటే భూమిలోకి పోతే బాగుండుననిపించింది. నా మొదటి పనీ చివరి పనీ ఇదేనని తేలిపోయింది.

అప్పుడే కొట్టు ఫోన్ మోగింది. బాబాయ్ గారు స్పీకర్ పెట్టారు.

"అవనిగడ్డ నుంచండీ. మీ సైటు లింకు వాట్సాప్‌లో వచ్చింది. తెరిస్తే దేవుడొచ్చాడు. దండం పెట్టుకున్నాం. ఎంతసేపు చూసినా ఆయనే ఉన్నాడు. కింద నంబరుంది కదా అని చేశాను. మా అమ్మాయి ఓణీల ఫంక్షనండీ. గాజులూ వడ్డాణమూ కావాలి."

అది పెట్టేలోపే ఇంకో ఫోను. ఆ వెంటనే మరొకటి. లోపలికి దారి దొరకనివాళ్లంతా ఫోన్లు చేస్తున్నారు. బాబాయ్ గారి ముఖం వెలిగిపోయింది.

"తొందరేం లేదమ్మాయ్. ఆయన్ని సాయంత్రం దాకా అక్కడే ఉండనీ" అన్నారు.

హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. మామ్మగారు చేతిలో పెట్టిన లడ్డూ అంత తియ్యటిది మళ్లీ నేను తినలేదు.

సాయంత్రం ఆ పెట్టెకి "దర్శనం అయింది" అనే బటన్ పెట్టడానికి కూర్చున్నాను. మొదలుపెట్టే ముందు చేతులు జోడించి, ఎవరు ఎంత అపశకునమన్నా సరే, మూసే దారిలేని పాపప్ ఈ జన్మలో పెట్టనని భక్తిగా ఒట్టు వేసుకున్నాను. అందుకోసం దేవుడి పటం వెతుక్కునే పని కూడా లేకపోయింది. ఎక్కడ నొక్కినా ఆయనే.