ఊఁ కొట్టాల్సిన చోట్లు

నేను చివరిసారిగా జపనీస్‌లో మాట్లాడిన వాక్యం తరగతి గదిలో చెప్పింది కాదు. రేపల్లెలో ఒక ఇంటి వసారాలో, కుర్చీ మీద పెట్టిన ఫోను వైపు తిరిగి చెప్పాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో వాన పడిందని మాత్రమే రాసుకున్నాను.

కరోనా తర్వాత తరగతులు మళ్ళీ తెరిచిన ఏడాది జూన్‌లో, తెనాలిలోని ఒక శిక్షణ కేంద్రంలో జపనీస్ టీచరుగా చేరాను. ఇప్పుడు చెప్పబోయే బ్యాచ్ అయ్యాక మానేశాను. రిటైరయ్యాననుకునే వయసు కాదు గానీ, మళ్ళీ వెళ్ళే ఉద్దేశం లేదు కాబట్టి ఆ మాటే సరిపోతుంది. మా దగ్గరకు ఎక్కువగా నర్సింగ్ చదివిన అమ్మాయిలు వచ్చేవారు. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగాలు వాళ్ళ లక్ష్యం. నలుగురిలో మాట్లాడాలంటే నాకు బెరుకు. పుస్తకాల్లోంచి నేర్చుకున్న ఆ భాషలో మాత్రం ఎందుకో ఆ బెరుకు ఉండేది కాదు.

రాత పరీక్ష అయ్యాక సినిమా ప్రాజెక్టు ఉండేది. ఒక జపనీస్ చిన్న సినిమాలోంచి ఇద్దరు మనుషులున్న సన్నివేశం తీసుకుని, శబ్దం ఆపేసి జంటకొకటి ఇస్తాం. మాటలు వాళ్ళే రాసుకోవాలి. తెర మీద బొమ్మ నడుస్తుంటే పక్కన నిలబడి చెప్పాలి. తర్వాత ఆ సన్నివేశంలో కనిపించే ఇంటి తీరు గురించి చిన్న ప్రసంగం చెయ్యాలి. విజయవాడ నుంచి వచ్చే ఎగ్జామినర్ గారు మార్కులు వేసేవారు. ఉచ్చారణకు, భావానికి ఉన్నట్టే వినడానికీ ఒక గడి ఉండేది. జపాన్‌వాళ్ళు ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యమధ్య చిన్నగా ఊఁ కొడుతూనే ఉంటారు. ఊరుకుంటే మనం వినడం లేదనుకుంటారు. మన ఇళ్ళల్లో కథ చెప్పేవాళ్ళు అడిగేది కూడా అదే కదా.

శిరీషది రేపల్లె. కళ్యాణిది బాపట్ల దగ్గర కర్లపాలెం. ఇద్దరూ చెరో రైల్లో తెనాలిలో దిగి, స్టేషన్ బయట కలుసుకుని నడిచొచ్చేవారు. వాళ్ళకు వచ్చిన సన్నివేశంలో తల్లీకూతుళ్ళు గడప దగ్గర కూర్చుని ఆకాశం చూస్తుంటారు. కూతురు శిరీష, తల్లి కళ్యాణి. మాటలన్నీ శిరీషే రాసింది. సెలవుకు ఇంటికొచ్చిన కూతురు తను పనిచేసే చోటి కబుర్లు చెప్పి, చివర్లో అడుగుతుంది: అమ్మా, వాన వచ్చేలా ఉంది, బట్టలు తీశావా? తీశాను అని తల్లి అంటుంది. అక్కడితో సన్నివేశం అయిపోతుంది.

కళ్యాణి ఉచ్చారణ బాగుండేది. చిక్కల్లా వినడంలో. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా బిగుసుకుని, తన వంతు రాగానే గబగబా అప్పజెప్పేది. శిరీష విసుక్కునేది.

“గోడతో మాట్లాడినట్టుందే నీతో. ఊఁ అనవే తల్లీ, ఉన్నావో పోయావో నాకు తెలియాలి కదా.”

చివరికి శిరీషే ఒక ఉపాయం చేసింది. తన మాటలన్నీ ఒక్కతే ఫోన్లో రికార్డు చేసి, కళ్యాణి ఊఁ కొట్టాల్సిన చోట్ల, బదులు చెప్పాల్సిన చోట్ల ఖాళీలు వదిలి పంపింది. రైల్లో వింటూ సాధన చెయ్యమంది.

ప్రాజెక్టు పరీక్షకు ముందు వారం శిరీషకు డెంగీ జ్వరం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. ఇంటికి తిరిగి రాలేదు.

ప్రాజెక్టు జంటగా చెయ్యాలన్నది నియమం. అందులో పాసైతేనే ఇంటర్వ్యూకు పేరు పంపుతారు. ఈ బ్యాచ్‌లో కాకపోతే ఇక ఇంట్లో ఉండమని కళ్యాణి వాళ్ళ నాన్న ముందే చెప్పేశారు. శిరీష మాటలు ఇంకో అమ్మాయి చేత చదివిద్దామని మా డైరెక్టర్ గారు అన్నారు. సబబైన మాటే. కళ్యాణి మాత్రం తల అడ్డంగా ఊపింది.

“వేరేవాళ్ళు చదివితే నాకు నోట మాట రాదండి. దాని గొంతు నా దగ్గరుందండి.”

నేను శిరీష వాళ్ళమ్మకు ఫోన్ చేసి అనుమతి అడిగాను. ఆవిడ వాడుకోండమ్మా అని, అయ్యాక తనకు కూడా ఒకసారి వినిపించమన్నారు.

ఎగ్జామినర్ గారు వెంటనే ఒప్పుకోలేదు. రికార్డుకు తాను మార్కులు వెయ్యననీ, ఎదురుగా ఉన్న అమ్మాయికే వేస్తాననీ, రికార్డు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి తడబడితే మళ్ళీ మొదలుపెట్టనివ్వననీ చెప్పారు. కళ్యాణి సరేనండి అంది.

గది దీపాలు ఆపేశాం. శిరీష గొంతు మొదలైంది. మొదటి ఖాళీలో కళ్యాణి ఊఁ అంది. రెండోదాంట్లో నవ్వీ నవ్వనట్టు ఇంకో ఊఁ. తెర వైపు చూడటం మానేసింది. కళ్ళు మూసుకుని, ఆ గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడల్లా తోడు వెళ్ళింది. చివరి ప్రశ్న వచ్చింది. తీశానమ్మా అని కళ్యాణి జపనీస్‌లో చెప్పింది. చివర తెలుగులో కలిపిన ఆ అమ్మా కాగితంలో లేదు.

దీపాలు వేశాక ఎగ్జామినర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఈ అమ్మాయికి వినడం రాదని రిపోర్టులో రాసింది మీరేనా అని నన్నడిగారు. అవునండి అన్నాను. ఆ గడిలో పూర్తి మార్కులు వేశారు. కళ్యాణి ఇప్పుడు జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది.

ఆ ఉద్యోగం నాకు నేర్పిందొకటే. మాట్లాడటాన్ని ఎవరైనా దిద్దగలరు. వినడాన్ని దిద్దలేరు, వినాలనిపించే గొంతు దొరకాలి. దానికి మార్కుల కాగితంలో గడి ఉంది గానీ పాఠం లేదు.

పరీక్ష అయిన తర్వాతి ఆదివారం, ఆ రికార్డు నా ఫోన్లో వేసుకుని రేపల్లె వెళ్ళాను. శిరీష వాళ్ళ నాన్న రైసు మిల్లుకు వెళ్ళారు. వాళ్ళమ్మ వసారాలో కుర్చీ వేసి, నేను కూర్చోబోతే, దాని మీద ఫోను పెట్టమన్నారు. ఇద్దరం చాప మీద కూర్చున్నాం. కూతురి గొంతు మొదలవగానే, ఒక్క ముక్క అర్థంకాని ఆ భాషకు, ఆవిడ ఊఁ కొట్టడం మొదలుపెట్టారు. ఒక్క ఖాళీ కూడా వదల్లేదు. చివరి ప్రశ్నతో రికార్డు ఆగిపోయింది.

“ఏంటమ్మా, ఏదో అడిగి ఆపేసింది?”

వాన వచ్చేలా ఉంది, బట్టలు తీశావా అని అడుగుతోందండి అన్నాను.

ఆవిడ దండెం వైపు చూశారు. దాని మీద ఏమీ లేదు. మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. ఈసారి ఆ ప్రశ్న రాగానే నా చెయ్యి పట్టుకున్నారు.

“తీశానని చెప్పమ్మా. దానికి తెలిసేట్టు, ఆ భాషలో చెప్పు.”