మేడ మీద యాంటెన్నా

మా అత్తయ్యగారు పోయారన్న కబురు నేను రామచంద్రపురంలో ఉండగా తెలిసింది. మా అమ్మకి కంటి ఆపరేషన్ అయితే తోడుండడానికని ముందు రోజే వెళ్లాను. పొద్దున్నే పాలు కాస్తుంటే ఫోను మోగింది. చేసింది చిన్నత్తయ్యగారు, అంటే మా అత్తయ్యగారి తోటికోడలు. పక్కింట్లోనే ఉంటారు కనక ఆవిడకి నాతో ఫోను అవసరం ఎప్పుడూ పడలేదు.

"అమ్మాయీ, అక్కయ్య లేవట్లేదమ్మా. కాఫీ తెచ్చి పిలుస్తున్నాను, లేవట్లేదు" అన్నారు.

మా ఆయన్ని లేపమన్నాను.

"అబ్బాయి ఇక్కడే ఉన్నాడు. డాక్టరుగారు కూడా చూసి వెళ్లేరు" అని, మళ్లీ "లేవట్లేదమ్మా" అన్నారు. అప్పటికి నాకు అర్థమైంది.

కోటిపల్లి రేవుకి వచ్చేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. మోటారు సైకిళ్లూ మనుషులూ అందరూ ఎక్కితే గాని అది కదలదు, గోదారి దాటి రాదు. "కూచోండమ్మా, వచ్చేత్తాది" అన్నాడు టిక్కెట్లిచ్చే అతను. కూర్చోలేకపోయాను. రేవు పొడుగునా అటూ ఇటూ తిరిగాను. పెళ్లయిన కొత్తలో, ఒక్క చోట నిలవని అత్తయ్యగారిని చూసి ఈవిడకి కాళ్లు నొప్పెట్టవా అనుకునేదాన్ని. ఆ పూట నా కాళ్లకీ ఆగడం చేతకాలేదు. ఈ నాలుగు మాటలు రాస్తూ కూడా లేచి వీధి గుమ్మం దాకా వెళ్లి వస్తున్నాను.

ఆవిడ అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేవారు. ఎవరైనా వస్తే వాళ్లతో మాట్లాడుతూనే తలుపు గడియ వదులైందేమో చూసేవారు, తాడు బిగించేవారు, పూలమొక్క దగ్గర ఎండుటాకు తీసేవారు. "కాసేపు కూచోండి అత్తయ్యగారూ" అంటే ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే. "కూచుంటే పాత సంగతులొచ్చి పక్కన కూచుంటాయే. వాటికి పీటెయ్యడం ఎందుకు?"

ఆ పాత సంగతుల్లో పెద్దది ఏమిటో మా ఆయన నాకు చెప్పారు. అంబాజీపేట దగ్గర మా ఊళ్లో, మా మావయ్యగారూ ఆయన తమ్ముడూ పక్కపక్క ఇళ్లలో ఉండేవారు. వెనక పెరడు ఒకటే. చిన్నమావయ్యగారు పాత ఇల్లు తీసి మేడ కట్టారు. గృహప్రవేశం రోజు తెల్లారేసరికి మా మావయ్యగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. కాకినాడ తీసుకెళ్లడానికి కారులో ఎక్కించారు. ఆ కారు వీధి మలుపు తిరుగుతుంటే పక్కింట్లో సన్నాయి మొదలైంది. ముహూర్తం దాటిపోతుందని పెద్దలెవరో అన్నారట. మావయ్యగారు కాకినాడ నుంచి ప్రాణాలతో రాలేదు. అత్తయ్యగారు మాత్రం ఆ రోజు ఒక మాట అన్నారు: "ఆ ఇంటి గడప తొక్కను."

తొక్కలేదు. కొన్నేళ్లకి చిన్నమావయ్యగారు పోయినప్పుడు కూడా వీధిలోనే నిలబడి, కళ్లు తుడుచుకుని వచ్చేశారు. నేను కోడలిగా వచ్చేసరికి పెరటి మధ్య కంచె లేచి ఉంది. తోటికోడళ్లిద్దరూ కంచెకి అటొకరూ ఇటొకరూ బట్టలారేసుకునేవారు గాని మాటల్లేవు.

చిన్నత్తయ్యగారికి ఒక్కతే కూతురు. ఆ పిల్ల నడక నేర్చిందీ పాట నేర్చిందీ మా అత్తయ్యగారి కొంగు పట్టుకునేనట. అత్తయ్యగారికి పాడే గొంతు లేదు, వినే చెవి ఉంది. పిల్ల పాడుతూ ఎక్కడైనా తప్పితే, పప్పు రుబ్బుతూనే "మళ్లీ" అనేవారట. మాటలు పోయాక ఆ పిల్ల రావడమూ పోయింది. పెద్దదై, రాజమండ్రిలో సంగీతం టీచరుగా చేరింది. నాతో మాత్రం "వదినా" అంటూ అప్పుడప్పుడూ ఫోనులో మాట్లాడేది. చివర్లో ఎప్పుడూ "పెద్దమ్మ ఎలా ఉంది?" అని అడిగేది. నేనా మాట చెబితే అత్తయ్యగారు "ఊఁ" అని చీపురు అందుకునేవారు.

కిందటేడు గాలివాన తర్వాత అసలు సంగతి జరిగింది. కేబుల్ స్తంభాలు పడిపోయి ఊరంతా టీవీలు మూగబోయాయి. ఇదిగో రేపు, అదిగో ఎల్లుండి అని కేబులతను తిప్పుతున్నాడు. ఫోన్లలో మాట వస్తే బొమ్మ రాదు. ఆ రోజుల్లోనే ఆ పిల్ల, మా ఆడపడుచు, ఫోను చేసి, "వదినా, ఆదివారం సాయంత్రం టీవీలో నా పాట ఉంది, లైవు" అని చెప్పింది.

అత్తయ్యగారితో చెప్పాను. "ఊఁ" అన్నారు. కాసేపటికి అటక మీంచి చప్పుడైంది. చూస్తే, పాతకాలం యాంటెన్నా దింపుతున్నారు. పెద్ద చేపముల్లులా ఉండే అల్యూమినియం కడ్డీలది. దగ్గరి టవరు నుంచి ఇప్పుడు డిజిటల్ ప్రసారం వస్తోందనీ, కొత్త టీవీకి యాంటెన్నా తగిలిస్తే చాలు, కేబులూ డిష్షూ అక్కర్లేదనీ అమలాపురంలో షాపతను మా ఆయనతో అన్నాడట. ఆ మాట ఆవిడ ఎప్పుడు విన్నారో, ఎక్కడ దాచుకున్నారో.

"తర్వాత ఫోనులో చూసుకోవచ్చులెండి అత్తయ్యగారూ" అన్నాను.

"తర్వాత చూస్తే అది పాడేసిన పాటే. పాడుతుండగా వినాలి."

ఆ వారమంతా ఇంట్లో అదే యావ. మాది పెంకుటిల్లు. వసారా పక్కన ఇనప గొట్టం పాతి యాంటెన్నా కట్టారు. ఆవిడ బయట గొట్టం తిప్పడం, నేను లోపల టీవీ ముందు కూర్చుని అరవడం. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి, ఒకటి సిగ్నలు బలం, ఇంకోటి నాణ్యత. బలం పెరిగేది. నాణ్యత లేచినట్టే లేచి పడిపోయేది.

"వచ్చిందా?"

"వచ్చిందండీ... పోయిందండీ."

వంట మధ్యలో వెళ్లి తిప్పేవారు. స్నానానికి వెళ్తూ ఆగి తిప్పేవారు. "పాతదే నయం. చుక్కల్లోంచైనా మనిషి కనపడేది. ఇది వస్తే అద్దం, రాకపోతే గోడ" అని విసుక్కునేవారు. నాకూ విసుగొచ్చేది, కానీ ఆవిడ మొహం చూస్తే మళ్లీ వెళ్లి టీవీ ముందు కూర్చునేదాన్ని.

అడ్డం ఏమిటో మా ఆయన కనిపెట్టారు. టవరున్న వైపు సరిగ్గా చిన్నత్తయ్యగారి పొట్టి కొబ్బరి చెట్లున్నాయి. వాటి కమ్మలు మా ఇంటి కప్పు ఎత్తున పరుచుకుని, గాలికి ఊగినప్పుడల్లా బొమ్మని తుడిచేస్తున్నాయి. ఆ సంగతి తెలిశాక అత్తయ్యగారు చాలాసేపు పెరట్లో తిరిగారు. చివరికి నా దగ్గరికొచ్చి, "రెండు కమ్మలు కొట్టించమని అడిగి రా. నీ మాటగానే అడుగు" అన్నారు.

వెళ్లాను. చిన్నత్తయ్యగారు విన్నారు. "పచ్చ కమ్మ కొడితే చెట్టు దెబ్బ తినదామ్మా? ఇంతకీ ఎవరడగమన్నారు?"

"నేనేనండీ."

"నీకు టీవీ మీద అంత మోజు ఎప్పట్నించి?"

నేను పెరట్లో చెట్ల వైపు చూశాను.

"పిల్ల పాడుతోందని ఆవిడకి తెలుసా?"

"ఆయ్, తెలుసండీ."

ఆవిడ మొహం అటు తిప్పుకుని, మడిచిన తువ్వాలే మళ్లీ విప్పి మడిచారు. "నాకూ కనపడదులే. మా టీవీ పాతది, కేబులు తప్ప పట్టదు" అన్నారు. నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "మేడ మీద పెట్టుకోమను. అక్కడికి కమ్మలు అడ్డం రావు. మెట్లు బయటే ఉన్నాయి, ఇంట్లోకి రానక్కర్లేదని చెప్పు" అన్నారు.

అత్తయ్యగారికి ఆ మాట చెప్పాను.

"ఇంట్లోకి రానక్కర్లేదందా?"

"అవునండీ."

"దానికి గుర్తుంది" అని పెరట్లోకి వెళ్లిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన మేడ పిట్టగోడకి గొట్టం కట్టి, యాంటెన్నా టవరు వైపు తిప్పి, వైరు కిందికి వదిలి తాటిపాక డ్యూటీకి వెళ్లిపోయారు. అత్తయ్యగారు బయటి మెట్ల మీంచి పైకెక్కి అంతా చూసుకుని దిగారు. దిగేటప్పుడు ఆ ఇంటి గుమ్మం వైపు తల తిప్పలేదు. తీరా వైరు లాక్కుని వస్తే అది కంచె దాకానే వచ్చింది. మా వసారా ఇంకా దూరం. అతుకు వేద్దామంటే వైరు ముక్క లేదు, బజారుకి వెళ్లొచ్చే వ్యవధి లేదు. ఆవిడ ఆ వైరు కొస చేత్తో పట్టుకుని కంచె దగ్గరే నిలబడిపోయారు. లాగితే ఇంకాస్త వస్తుందేమో అన్నట్టు మళ్లీ లాగారు.

చిన్నత్తయ్యగారు వాళ్ల గుమ్మంలోంచి అంతా చూస్తున్నారు. "అక్కయ్యా" అన్నారు. నా కాపురంలో ఆ పిలుపు వినడం అదే మొదలు. "టీవీ ఇక్కడికే తెచ్చేసుకోండి. టైమైపోతోంది."

అత్తయ్యగారు వైరు కొస కంచెకి చుట్టి వదిలారు. ఇంట్లోకి నడిచి టీవీ ఒక పక్క పట్టుకున్నారు. నేను రెండో పక్క పట్టుకున్నాను. వీధిలోంచి తిరిగి పక్కింటి మెట్లెక్కి, సరిగ్గా గడప ముందు ఆగిపోయారు. ఇంత దాకా వచ్చి వెనక్కి తిరుగుతారేమో అనుకున్నాను.

"కాళ్లకి మట్టి" అన్నారు మెల్లిగా.

చిన్నత్తయ్యగారు లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చారు. అత్తయ్యగారు తన పక్క వదిలేస్తే టీవీ బరువంతా నా మీద పడింది. నేను దాన్ని పొట్టకి ఆనించుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చిన్నత్తయ్యగారు, మోకాళ్ల నొప్పులతో వంగలేని మనిషి, వంగి ఆవిడ పాదాల మీద నీళ్లు పోశారు. అత్తయ్యగారు కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లారు.

వైరు తగిలించి స్కాను చేస్తే బొమ్మ వచ్చింది, అద్దంలాగే. కొంతసేపటికి మా ఆడపడుచు తంబూరా పక్కన కూర్చుని కనిపించింది. పల్లవి ఎత్తుకుంది. అత్తయ్యగారు స్తంభానికి ఆనుకుని నిలబడి చూస్తున్నారు. ఇంతలో గాలి లేచింది. పిల్ల నోరు తెరిచి, చెయ్యి గాల్లో పెట్టి అలాగే నిలిచిపోయింది. పాట తెగింది.

నేను లేవబోయాను. "నీకు దాని వాటం తెలీదు, నువ్వుండు" అంటూ ఆవిడ అప్పటికే బయటికి నడిచారు. మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు వినిపించింది. ఆ వెంటనే తెర మీద పిల్ల చెయ్యి కదిలింది, పాట అందుకుంది.

కాస్త ఆగి చిన్నత్తయ్యగారు కిటికీలోంచి, "అక్కయ్యా, సరిపోయింది, వచ్చి చూడండి" అని కేకేశారు. ఆవిడ గొట్టం వదిలారో లేదో బొమ్మ మళ్లీ ముక్కలైంది. "వదలకండి అక్కయ్యా, వదలకండి" అన్నారు చిన్నత్తయ్యగారే. ఆ పాట అయ్యేదాకా మా అత్తయ్యగారు మేడ మీద గాలిలో ఆ గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నారు. టీవీ సౌండు పెంచేశాను.

దిగి వచ్చాక అడిగారు, "కనపడిందా?"

"ఆయ్, బాగా కనపడింది" అన్నారు చిన్నత్తయ్యగారు కళ్లొత్తుకుంటూ.

"ఏం చీర కట్టుకుంది?"

"నీలం చీర. మీరే చూడలేదు."

"విన్నాను కదా."

ఆ సాయంత్రమే పిల్ల ఫోను చేసింది. చిన్నత్తయ్యగారు ఫోను తీసుకెళ్లి అత్తయ్యగారి చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరిగారు. ఆఖరికి, "రెండో చరణం మధ్యలో ఊపిరెందుకు తీసుకున్నావే?" అన్నారు. అవతల ఏడుపు నాకు దూరానికి కూడా వినిపించింది. "ఏడవకు. మళ్లీ పాడు" అన్నారు. నెట్‌వర్కు బాగుపడ్డాక ఆ పాట ఫోనులో చూపిస్తామంటే మాత్రం, అక్కర్లేదన్నారు.

టీవీ మా ఇంటికి తిరిగి రాలేదు. కేబుల్ వచ్చింది, వైరూ కొనొచ్చు, ఎవరమూ ఆ ఊసెత్తలేదు. సాయంత్రమయ్యేసరికి అత్తయ్యగారు పక్కింటికి బయల్దేరేవారు. ఇద్దరూ వ్యవసాయం కార్యక్రమం పెట్టుకుని, అందులో చెప్పే ప్రతి మాటకీ వంక పెట్టేవారు. సన్నాయి సంగతి వాళ్లెప్పుడైనా మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. పోగొట్టుకున్న ఏళ్ల గురించి ఆవిడ నాతో ఒక్కసారే అన్నారు. "కోపం పెంపుడు కుక్కలాంటిదే అమ్మాయ్. రోజూ అన్నం పెట్టేది మనమే."

రామచంద్రపురం వెళ్లే ముందు చెప్పి వద్దామని చిన్నత్తయ్యగారింటికి వెళ్లాను. సందె వేళ. కరెంటు పోయి హాలంతా మసకగా ఉంది. అత్తయ్యగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్నారు. ఆవిడ పగటిపూట కన్ను మూయడం నేనెన్నడూ చూడలేదు. "అత్తయ్యగారూ" అనబోతుంటే చిన్నత్తయ్యగారు పెదాల మీద వేలు పెట్టారు.

"లేపకమ్మా. ఇప్పుడే కన్నంటుకుంది."

ఆవిడ పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతున్నారు. నేను చెప్పులు తొడుక్కోబోతుండగా కరెంటు వచ్చింది. టీవీ వెలిగింది, పైన ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. చిన్నత్తయ్యగారు చేయి చాచి టీవీ సౌండు తగ్గించారు. రెండో చేతిలో విసనకర్ర మాత్రం ఆగలేదు.