నాన్నగారి మెడలో అమ్మ గొంతు

నాన్నగారికి మతిమరుపు ముదిరినప్పుడు ఆయన మెడలో సెల్‌ఫోను వేసింది నేనే. ఉపాయం లేనివాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టమన్నారు కదా, నాకేమో ఉపాయాలకు లోటు లేదని ధీమా. మనం రికార్డు చేసిన మాటనే అలారంగా పెట్టుకునే వీలున్న ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. అమ్మ తన పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచీ కుట్టింది. నేను నా ఐడీ కార్డు ట్యాగు ఊడదీసి దానికి తగిలించాను. పక్కన స్టూలు మీద చిన్న డబ్బా, అందులో ఆ పూట మాత్ర ఒక్కటే. ఫోను చెప్పగానే ఆయన మాత్ర వేసుకోవాలి, ఇల్లు కదలకూడదు.

కదులుతున్నారనే కదా అసలు బాధ. అప్పటికే రెండుసార్లు దారి తప్పారు. తలుపుకి తాళం వెయ్యమని ఇరుగుపొరుగు చెప్పారు, నేనూ చెప్పాను. అమ్మ వినలేదు.

"ఆకివీడులో ముప్పయ్యేళ్లు చేపల కాటా దగ్గర గుమాస్తాగా నిలబడ్డ మనిషే. ఊళ్లో సగం మంది నమస్కారం పెడతారు. ఆయన్ని గదిలో పెట్టి గడియ వెయ్యమంటావా?" అంది.

మొదట నా గొంతే పెట్టాను. నేను ఏలూరులో హైస్కూలు టీచర్ని. ఇరవయ్యేళ్లు పిల్లల మీద అరిచిన గొంతు మరి. ఆయన శ్రద్ధగా విని, "పక్కింట్లో ట్యూషన్ పెట్టారా?" అనడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకూతురి గొంతు పోల్చుకోలేదన్న బాధని కోపంగా మార్చుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే.

అందుకని అమ్మ చేత చెప్పించాను. "ఏవండీ, మాత్ర వేసుకోండి."

ఇది బ్రహ్మాండంగా పనిచేసింది, కానీ నేననుకున్నట్టు కాదు. ఫోను పలకగానే ఆయన కుర్చీలోంచి లేచి, "ఆఁ, వస్తున్నానే" అంటూ నేరుగా వంటింట్లోకి వెళ్లేవారు. ఏవండీ అంటే పిలుపు కదా! పెళ్లాం పిలిస్తే వెళ్లాలి. వెనక చెప్పిన మాత్ర సంగతి ఆయనకి ఎక్కేదే కాదు. "ఎందుకు పిలిచావు?" అని గుమ్మంలో నిలబడేవారు. అమ్మ నవ్వి, ఫోను మీట నొక్కి, మాత్రా మంచినీళ్లూ చేతిలో పెట్టేది. రోజుకి మూడుసార్లు ఇదే తంతు. మాత్ర పడుతోంది కదా అని నేనూ ఊరుకున్నాను.

ఒక గురువారం మధ్యాహ్నం అమ్మ చర్చిలో స్త్రీల కూటానికి వెళ్లింది. గంటలో వచ్చేద్దామనుకుంది, పాటలు ఎక్కువయ్యాయి. ఇంట్లో ఫోను పలికింది. నాన్నగారు వంటింట్లో చూశారు, లేదు. పెరట్లో చూశారు, లేదు. మీట నొక్కేదాకా ఆ అలారం ఐదు నిమిషాలకోసారి మళ్లీ పలుకుతుంది. ఏవండీ, ఏవండీ అని భార్య ఎక్కడో పిలుస్తూనే ఉంటే ఏ మగాడు మాత్రం ఇంట్లో కూర్చుంటాడు?

నేను స్టాఫ్ రూములో ఉండగా ఆయన నంబరు నుంచే ఫోను వచ్చింది. ఎవరో చేపల చెరువు దగ్గర మేత వేసే మనిషి.

"ఏవండీ, ఇక్కడ గట్టు మీద ఓ పెద్దాయన ఉన్నారండి. నీళ్లలోకి దిగబోతుంటే పట్టుకున్నామండి. పేరడిగితే మా ఆవిణ్ణి అడగండి అంటున్నారు. ఆయన గుండెల్లోంచి ఎవరో ఆడమనిషి పిలుస్తున్నారండి, మాకు భయమేసి ఈ ఫోను తీశామండి."

నేను ఆకివీడు చేరేసరికి ఆయన్ని ఇంటికి తెచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా బురద. అమ్మ ఆయన పాదాలు కడుగుతోంది. ఆ బురద చూస్తే నా తెలివి మీద నాకే అసహ్యం వేసింది.

ఏలూరు డాక్టరుగారు అంతా విని, "పిలిచినట్టు ఉండకూడదమ్మా. ముందు ఆయన పేరు, తర్వాత చెయ్యాల్సిన పని. గొంతు మాత్రం అమ్మగారిదే ఉంచండి" అన్నారు.

అమ్మకి చెబితే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రేషను కార్డు రాసేటప్పుడు కూడా "మా అమ్మాయి చెబుతుందండి" అని నన్ను ముందుకు తోసిన మనిషి ఆవిడ.

"ఒక్కసారే అన్నానే ఆయన పేరు. పెళ్లిలో, పాదిరిగారు ప్రమాణం చేయించినప్పుడు. అదీ పెదాలతోనే."

"చెరువులో పడితే పేరుండి ఏం లాభం?" అని కసిరాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అమ్మ పైట సర్దుకుని, గది తలుపు దగ్గరికి వేసుకుంది. రెండుసార్లు ఊపిరి తప్ప ఏమీ రికార్డు కాలేదు. మూడోసారి వచ్చింది. పేరు, చివర గారూ. "మాత్ర వేసుకోండి. ఇంట్లోనే కూర్చోండి." సరిచూద్దామని వింటే, వాళ్లిద్దరి ఉత్తరం దొంగతనంగా చదివినట్టు సిగ్గేసింది.

మర్నాడు ఫోను పలికింది. నాన్నగారు నిటారుగా కూర్చుని, "చిత్తమండి" అన్నారు. డబ్బా తీసి మాత్ర వేసుకున్నారు. కుర్చీలోంచి లేవలేదు. నేను క్లాసులో ఫస్టొచ్చిన పిల్లలా చప్పట్లు కొట్టాను.

అమ్మ దగ్గరికొచ్చి అడిగింది. "ఎవరండీ పిలిచింది?"

"ఎవరో ఆఫీసావిడ. మర్యాదస్తురాలు."

"మీ ఆవిడ గొంతులా లేదూ?"

"భలేదానివే! మా ఆవిడ నా పేరెత్తదు" అన్నారు, కాస్త గర్వంగానే.

తీసేస్తాను, పాతదే పెడదాం అన్నాను. అమ్మ వద్దంది. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా గుమ్మం దాటలేదు. ఇంటి తలుపుకి తాళమూ పడలేదు.

పదిరోజుల తర్వాత ఆదివారం వెళ్లాను. మధ్యాహ్నం అలారం పలికింది. అమ్మ కూర కలుపుతున్నదల్లా గరిట ఆపి వంటింటి గుమ్మం వైపు చూసింది. ముందుగదిలో డబ్బా మూత చప్పుడైంది, అంతే.

"మందు మానకుండా వేసుకుంటున్నారు. నా దగ్గరికి రావడమే మానేశారు" అంది.

ఆయన క్షేమంగా ఇంట్లోనే ఉన్నారు. నేను కోరుకున్నదీ అదే. ఆ పూట నాకు అన్నం సహించలేదు.