కొంగుముడిలో గోలి

గోదావరిఖనిలో బస్సెక్కిన ఒక గని కార్మికుడు, ఆయన భార్య నా పక్కన కూర్చున్నారు. బసంత్‌నగర్ దాటేసరికి ఆయన ఊపిరాడక ముందు సీటు కమ్మీ పట్టుకుని వంగిపోయాడు. ఆమె కొంగుముడి విప్పి చిన్న తెల్ల గోలి తీసింది.

"ఏస్కో. పొద్దటిసంది మొత్తుకుంటున్న."

ఆయన ఆమె వేళ్లు మూసేశాడు.

అది ఆయాసానికి ఏళ్లుగా వేసుకుంటున్న స్టెరాయిడ్ గోలి అని, వారం కింద మానేశాడని ఆమె నాతో చెప్పింది. ఫోన్‌లో వెతికాను. చదువుతుంటేనే ఒళ్లు మండింది.

"ఒక్కసారే ఆపేస్తే ప్రాణం పోతదంట కాకా. పిచ్చా నీకు?"

"గరం గాకు బిడ్డా." ఆయన నవ్వబోయి దగ్గాడు. "గోలేస్కుంటే గుర్రం లెక్క ఉంట. రేపు మెడికల్ బోర్డు. గట్ల జూస్తే డాక్టరు డ్యూటీకి పొమ్మంటడు. అన్‌ఫిట్ అంటెనే నా కొడుక్కు నౌకరి."

"నువ్వే పోతే?"

"గప్పుడు గూడ వాడికే వస్తది."

నేను ఫోన్ జేబులో పెట్టేశాను.

పెద్దపల్లిలో దిగుతున్నప్పుడు ఆమె ఒక చేత్తో ఆయన్ని పట్టుకుంది. రెండో చేతి పిడికిలి ఇంకా ఆయన మూసినట్టే ఉంది.