షాఫ్టు పెట్టె మీద నా చోటు

మా పడవలో నా చోటు ఎప్పుడూ నడిమధ్యనే. మావారు వెనక నిలబడి గెడ వేస్తారు, ముందువైపు వలలూ మావులూ ఉంటాయి. మావులంటే కొల్లేట్లో చేపల కోసం మేం పెట్టే వెదురు బుట్టలు. తెల్లవారగానే ఇద్దరం వెళ్లి వాటిని ఎత్తుకుని ఎండెక్కేలోగా ఒడ్డుకొస్తాం. మట్టగిడసలూ జెల్లలూ ఏరుకుని, గంపతో నేను అమ్మకానికి ఆటోలో భీమడోలు పోతాను. ఇంట్లో మేం పోట్లాడుకుంటాం గానీ పడవలో ఏనాడూ పోట్లాడుకోలేదు. అక్కడ ఎవరు కోపంగా లేచినా పడవ ఒరుగుతుంది మరి.

మొన్న వేసవిలో మావారికి భుజం పట్టేసింది. గెడ వెయ్యడం ఇక ఆయన వల్ల కాదని తేలాక, పడవ లోపలే బిగించే డీజిలు ఇంజను కొన్నాం. అది ఏలూరు నుంచి ట్రక్కు ఆటోలో వచ్చింది, వెంట మెకానిక్కూ వచ్చాడు. పడవ అడుగున గట్టి చెక్క దిమ్మలు వేసి, వాటి మీద ఇంజను నిలిపి, వెనక నీళ్లలో తిరిగే ఫ్యాను దాకా కొలతలు తీసి ఇనప షాఫ్టు బిగించాడు. ఆ షాఫ్టు సరిగ్గా నేను కూర్చునే చోటు మీదుగానే పోయింది.

"తిరిగే షాఫ్టుకి చీరకొంగు చుట్టుకుందంటే మనిషి మిగలరండీ. చెక్కపెట్టె కట్టి మూసెయ్యాల్సిందే," అన్నాడు మెకానిక్కు.

మావారికి అంతకన్నా తేలిక దారి తట్టింది. "పెట్టెందుకండీ, చోటు దండగ! ఇంజనొచ్చాక నేనొక్కణ్నే వెళ్లొస్తాను," అని నా వైపు తిరిగి, "నువ్వింక ఇంటిపట్టున సుఖంగా ఉండు," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. సుఖమట! గూడబాతులు నీళ్ల మీంచి లేచే ఆ పొద్దుటిపూట ఒక్కటే రోజంతటిలో నాది. దాన్ని ఒక ఇనప ముక్క లాగేసుకుంటుందంటే ఏడుపొచ్చింది.

"పెట్టె కట్టించండి. దాని మీదే కూర్చుంటాను," అన్నాను. నా గొంతు విని మావారు వడ్రంగికి ఫోను చేశారు.

పెట్టె తయారైంది. పొగగొట్టం వేడి మాకు తగలకుండా దానికి కాలని తాడు చుట్టారు, డీజిలు డబ్బాని దానికి దూరంగా పెట్టారు. పడవని నీళ్లలోకి దింపాక మెకానిక్కు షాఫ్టు తిన్నగా ఉందో లేదో మళ్లీ సరిచూశాడు. పడవ ఒడ్డున ఉన్నట్టు నీళ్లలో ఉండదట, కాస్త వంగుతుందట. పెట్టె కిందే, షాఫ్టు పడవ అడుగులోంచి బయటికి పోయే కన్నం దగ్గర, నీళ్లు లోపలికి తోసుకు రాకుండా గ్లాండు అనే బిగింపు ఉంది. తిరిగేటప్పుడు అక్కడ చుక్క చుక్కగా నీళ్లు కారాలని చెప్పి, అతను టీకి ఒడ్డెక్కాడు.

మావారు చేపల చెరువు గట్ల మీద పెరిగిన మనిషి. గట్టున అరచేతి మేర తడి కనిపించినా మట్టేసి తొక్కేదాకా ఊరుకోరు. మా వైపు మగాళ్లంతా అంతే. అలాంటి మనిషి సొంత పడవలోకి నీళ్లు కారుతుంటే చూస్తూ కూర్చుంటారా? పెట్టె మూత ఎత్తి, స్పానరుతో గ్లాండు నట్టు చివరికంటా బిగించేశారు. "చూడు, ఒక్క చుక్క లేదు!" అని మురిసిపోయారు. బాగానే చేశారని నేనూ అనుకున్నాను.

పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. ముందు మెకానిక్కు, వెనక చుక్కాని పట్టుకుని మావారు, పెట్టె మీద నేను. పడవ జోరుగా పోతుంటే మావారి మొహం వెలిగిపోతోంది. కాసేపటికి నా అరికాలికి పెట్టె చెక్క వెచ్చగా తగిలింది. తర్వాత చురుక్కుమంది. అరిచాను గానీ ఇంజను చప్పుడులో ఎవరికీ వినబడలేదు. చేతికందేంత దూరంలో ఉన్న, ఇంజను ఆపే మీట లాగేశాను.

"ఏమైందే?" అన్నారు మావారు.

"కాలు కాలుతోందండీ!"

మెకానిక్కు పెట్టె మూత ఎత్తాడు. గ్లాండు పొగలు కక్కుతోంది. "దీన్నెవరు బిగించారండీ?"

మావారు గూడబాతుల వంక చూడసాగారు. "నీళ్లు కారుతున్నాయని..."

"కారాలండీ! ఆ నీళ్లే దానికి చలవ. ఇంకాస్త పోతే షాఫ్టు పట్టేసేదండీ. అమ్మగారు ఇక్కడ కూర్చున్నారు గనక సరిపోయింది!"

చల్లారాక నట్టు వదులు చేస్తే చుక్క పడింది. నాకు నవ్వాగలేదు. మావారు మాత్రం స్పానరు నడుముకి దోపుకుని మళ్లీ చుక్కాని పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి పెట్టె మీద మడతలేసిన గోనెసంచి పరిచి ఉంది.

"ఎక్కు. చెక్క చెమ్మగా ఉందని వేశాను," అన్నారు మావారు, నా మొహంలోకి చూడకుండా.

ఎక్కి కూర్చున్నాను. సంతోషం పైకి కనిపించనివ్వకుండా, ముందు స్పానరు ఇలా ఇవ్వమని ఆయన్ని కసిరాను.