ఝట్కా కాదు, ధక్కా

పోయిన ఏడాది ఏప్రిల్. జహీరాబాద్‌లో హైవే పక్కనున్న మా షెడ్డు రేకులు పొద్దున పదింటికే కాలుతున్నాయి. పాతికేళ్లుగా బండ్ల కింద పడుకుని చేసే పని నాది. మోకాళ్లు అరిగాయి, నడుము పట్టేసింది, ఓపిక వాటికన్నా ముందే అయిపోయింది. ఆ ఓపిక లేకపోవడం వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

శరణప్పది న్యాల్‌కల్ వైపు ఊరు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. అరవైకి దగ్గరపడ్డ డ్రైవరు, విఠల్ సేటు పికప్ నడుపుతాడు. ఎండాకాలం ఆ బండి మీద పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు కట్టి, ఝరాసంగం వైపు రెండు ఊర్లకు తాగే నీళ్లు తోలుతాడు.

"ఉస్తాద్, బండి ఆపుతుంటే ముంగటికి ధక్కా ఇస్తుంది. జర చూడున్రి" అంటూ వచ్చాడు.

నేను దాన్ని ఝట్కా అనే విన్నాను. మా పనిలో ఝట్కా అంటే ఇంజన్‌లోనో క్లచ్‌లోనో బ్రేకుల్లోనో పుట్టే కుదుపు. నాలుగు చక్రాలూ విప్పాను. బ్రేకు లైనింగులు బాగానే ఉన్నాయి. బ్రేకు పైపుల్లో చేరిన గాలిని బయటికి తీసే పనిని బ్లీడింగ్ అంటాం, అదీ చేశాను. బండి బరువు మోసే కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యు-బోల్టులు బిగించాను. ట్రయల్ వేస్తే బండి మెత్తగా ఆగింది. పని అయిపోయిందనుకున్నాను.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు.

"మొదటి ఊర్ల ఏం లేదు ఉస్తాద్. రెండో ఊర్లనే ఇస్తుంది ధక్కా."

"బండికి ఊర్లు గూడ యాదికుంటున్నయా శరణప్పన్నా? ఆ ఊరేమన్న దాని అత్తగారిల్లా?"

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు కానీ కదల్లేదు. "బిందెలు పట్టుకొని ఆడోళ్లు బండి ముంగటనే నిలవడ్తరు ఉస్తాద్. మొన్న ఒక పిల్ల బిందె బంపరుకు, గోడకు నడుమ పడి చప్పటైంది. పిల్ల చెయ్యి అప్పుడే తీసింది. నాకు నిద్ర వడ్తలేదు" అన్నాడు.

మళ్లీ అన్నీ చూశాను. మళ్లీ ఏమీ కనబడలేదు. సాయంత్రం సేటు తనే వచ్చి, "బండిల ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"బండిల ఏం లేదు సేటు" అన్నాను.

మెకానిక్ నోట ఆ మాట వస్తే దానికి ఒక్కటే అర్థం, తప్పు సీటు మీద కూర్చున్నవాడిది అని. ఆ సంగతి నాకు తెలుసు. అలసిపోయి ఉన్నాను, ఇంటికి పోవాలి, అనేశాను. సేటు శరణప్ప కుడికాలు వైపు చూశాడు. "వయసైపాయె. కాలు నిలుస్తలేదేమో. సోమవారం సంది వేరేటోన్ని పెడ్త" అన్నాడు. శరణప్ప అక్కడే వంగి, తన మోకాలిని తనే రెండు చేతులతో ఒత్తి చూసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే మళ్లీ ఆ బండే వచ్చింది, ఈసారి ట్యాంకులో సగం నీళ్లతో. మా షెడ్డు ముందు నేను రాయించిన బోర్డు ఒకటుంది: 'లోడు దించి బండి తేవలెను.' లోడు బండిని జాకీ మీద ఎత్తి కింద దూరితే ప్రాణాలు పోతాయి. శరణప్ప రెండుసార్లూ ఆ బోర్డు మాట విని ట్యాంకు ఖాళీ చేసే తెచ్చాడు.

నాకు కోపం వచ్చింది. "బోర్డు కనవడ్తలేదా అన్నా? నీళ్లు ఖాళీ చేసి రాపో."

"రెండో ఊరి నీళ్లు ఉస్తాద్. పారబోస్తే పాపం తగుల్తది. రేపటి సంది నేనెట్లాగు రాను. ఒక్కసారి పక్కన కూసోండి. ఈ ధక్కా ఎవలిస్తున్నరో మీరే చూడున్రి."

ఎవలిస్తున్నరో. ఆ ముక్క దగ్గర నా చెయ్యి ఆగింది. ఝట్కా బండి తనంతట తాను తింటుంది. ధక్కా అలా కాదు, వెనక నుంచి ఎవరో ఒకరు ఇవ్వాలి. అతను మొదటిరోజు నుంచీ సరైన మాటే చెబుతున్నాడు. చెయ్యి కడుక్కుని బండి ఎక్కాను.

కోహీర్ రోడ్డు మీద కొంతదూరం పోయి బ్రేకు వేశాడు. బండి ఆగే ఆఖరి క్షణంలో, కూర్చున్నవాళ్లకు కుదుపు తెలియకుండా పెడల్ మీద కాలు కొద్దిగా సడలించాడు. మంచి డ్రైవర్లు అలాగే చేస్తారు. బండి ఆగింది. ఆ వెంటనే వెనక నుంచి ధబ్‌మని చప్పుడు, ఆగిన బండి మూరెడు ముందుకు జరిగింది.

బండి ఆగినా నీళ్లు ఆగలేదు. నిండు ట్యాంకులో నీళ్లు కదలడానికి చోటు లేదు కాబట్టి మొదటి ఊర్లో ఏమీ లేదు. రెండో ఊరికి సగం అయ్యేసరికి అవి వెనక్కీ ముందుకీ ఊగి, వచ్చి ట్యాంకు ముందు గోడను కొడుతున్నాయి. నా షెడ్డుకు ఖాళీగా వస్తుంది కాబట్టి నాకెప్పుడూ దొరకలేదు. మొరటుగా బ్రేకు తొక్కిపెట్టేవాడైతే బండి కదిలేదే కాదు.

"నా కాలు గాదు గద ఉస్తాద్?" అని అడిగాడు.

"నీ కాలు గాదన్నా" అన్నాను. చాలా సిగ్గేసింది.

ఆ నీళ్లు ఊరికి చేర్చి, అదే బండిలో సేటు ఇంటికి పోయాం. "తప్పు నాది సేటు" అని శరణప్ప ఎదుటే చెప్పాను. పెద్ద ట్యాంకు తీయించి నాలుగు చిన్నవి పెట్టించాను. ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యాకే ఇంకోదాని నల్లా తిప్పాలి. సోమవారం శరణప్పే బండి తీశాడు.

ఈ వేసవిలో ఆయిల్ మార్పించడానికి వచ్చాడు. అతను బండిని ఆడవాళ్లకు ఇరవై అడుగుల దూరంలో ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, టైర్ల కింద రాళ్లు పెట్టి గానీ నల్లా తిప్పడని రెండో ఊరి మనిషి ఒకడు నాకు చెప్పి ఉన్నాడు. "ధక్కా పోయింది గదన్నా, ఇంక ఫికర్ ఎందుకు?" అని అడిగాను.

శరణప్ప మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. "బండిల ఏం లేదని మీరన్నరు గద ఉస్తాద్. ఆ దినం సంది ఈ కాలును నమ్మబుద్ధి అయితలేదు."

"బండిలనే ఉండె అన్నా. నాకే దొరకలే" అన్నాను, ఏడాది ఆలస్యంగా. ఇప్పుడు తప్పు కనబడని ఏ బండి దగ్గరైనా, ఎంత అలసిపోయి ఉన్నా, ముందు 'నాకే దొరకలే' అన్న మాటే అంటున్నాను.